పెళ్ళి సంబంధం విచారించినట్టు: పత్తికొండ వైపు ఒక పల్లెలో తప్పుడు మెసేజ్‌ల మీద చేసిన పని

పొదుపు సంఘం మీటింగుకు నేను వెళ్ళిన మొదటి రోజే, లెక్కలు రాసే అమ్మాయి డబ్బు ఎంచుతూ పది రూపాయల బిళ్లలన్నీ ఏరి పక్కన కుప్ప పోసింది. "ఇవి చెల్లవు మేడం, అంగట్లో తీసుకోరు" అంది. అక్కడున్న 26 మందిలో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. కుప్పను లెక్కపెడితే 340 రూపాయలు. ఒక కూలి రోజు మీద సంపాదించే డబ్బు చెల్లదని వాళ్ళే పక్కన పెట్టేశారు.

నేను ఇంటర్నెట్‌లో వచ్చే తప్పుడు సమాచారాన్ని గుర్తుపట్టడం నేర్పే పని చేస్తాను. ఆ రోజు చెప్పాలనుకున్నది ఫోన్ల గురించి. ఈ బిళ్లల మాట ఏ ఫోనులోంచి వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు. గీతలు ఇన్ని ఉంటే అసలుది, రూపాయి గుర్తు లేకపోతే నకిలీది అని ఎప్పుడో ఒక మెసేజ్ తిరిగింది. మెసేజ్ పోయింది, మాట మిగిలింది. అప్పటివరకు 14 డిజైన్లలో ఆ బిళ్లలు వచ్చాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. ఆ ప్రకటన మాత్రం ఈ పల్లెదాకా రాలేదు. బిళ్లల సంగతి చివర్లో మళ్ళీ చెప్తాను, ఎందుకంటే నా పాఠం పూర్తిగా గెలవని చోటు అదే.

ఇది కర్నూలు జిల్లాలో పత్తికొండ చుట్టుపక్కల ఒక పల్లె. పేరు చెప్పను. టమోటా, వేరుశనగ పండించే ఊరు. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ప్రాంతం. దీన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. "ఫలానా చేన్లో ఒకామెకు రాయి దొరికిందంట, లక్షలకు అమ్మిందంట" అనే మాట వేరే ఊర్లో వింటే నవ్వి వదిలేస్తాం. ఇక్కడ అది ఒక్కోసారి నిజం. నమ్మశక్యం కానిదల్లా అబద్ధం అనే సూత్రం ఇక్కడ పనికిరాదు. నేను మొదట్లో ఈ సంగతిని పట్టించుకోలేదు.

వచ్చిన 26 మంది రెండు సంఘాలవాళ్ళు. సొంతంగా స్మార్ట్‌ఫోన్ ఉన్నది తొమ్మిది మందికి. మిగతావాళ్ళు మొగుడి ఫోనో కొడుకు ఫోనో చూస్తారు. ఏడుగురికి సంతకం తప్ప చదువు రాదు. కానీ వాట్సాప్ వాడని ఇల్లు లేదు.

మొదటి విడత: గాలివార్త ఆట

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక డచ్ సంస్థతో కలిసి 2018లో 'బ్యాడ్ న్యూస్' అనే ఆట తయారుచేశారు. అందులో ఆడేవాళ్ళే తప్పుడు వార్తలు పుట్టించాలి. జనాన్ని ఎట్లా భయపెట్టాలి, పెద్దమనిషి పేరు ఎట్లా వాడుకోవాలి, రెండు వర్గాల మధ్య ఎట్లా నిప్పు పెట్టాలి అన్నది వాళ్ళ చేతులతోనే చేసి చూస్తారు. కొంచెం విషం ముందే ఎక్కిస్తే ఒళ్ళు తట్టుకోవడం నేర్చుకుంటుంది అన్న టీకా సిద్ధాంతం దీనికి మూలం. విలియం మెక్‌గ్వైర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో దీన్ని ప్రతిపాదించాడు.

నేను దీన్ని కాగితాల మీద తెలుగు ఆటగా మార్చాను. ఒక్కో జట్టుకు ఒక మామూలు మాట ఇస్తాను. ఉదాహరణకు, "రేపు ఊరి ట్యాంకుకు నీళ్ళు రావు." దాన్ని ఊరంతా ఫార్వర్డ్ చేసే మెసేజ్‌గా మార్చాలి. ఒక జట్టు చదివింది ఇది: "ట్యాంకులో పాము పడి సచ్చిందంట. పసిపిల్లలకు తాపొద్దండి. కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరే చెప్పినాడు. మీ పిల్లల మీద ప్రేముంటే పది మందికి పంపండి." సంఘం గది దద్దరిల్లేలా నవ్వులు. చదువు రాని ఒక పెద్దామె అయితే చెప్పినంతసేపూ కంటతడి పెట్టుకుని మరీ నటించింది. భయం, పేరు లేని డాక్టరు, పిల్లల మీద ఒట్టు, "పది మందికి పంపండి". మెసేజ్‌ల గారడీ అంతా వాళ్ళ నోటి నుంచే వచ్చింది. నాకు చాలా సంతోషమేసింది.

తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టాను. 12 మెసేజ్‌లు, ఆరు నిజం, ఆరు అబద్ధం. ఆటకు ముందు ఇలాంటి పరీక్షలో అబద్ధాలు రెండో మూడో పట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు దాదాపు అన్నీ పట్టుకున్నారు. నా రిపోర్టులో ఇదే రాసుకున్నాను. పక్కనే ఉన్న రెండో అంకెను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. ముందు ఐదు నిజాలను నిజమన్నవాళ్ళు ఇప్పుడు రెండింటినే నిజమన్నారు. వాళ్ళకు గుర్తుపట్టడం రాలేదు. అన్నింటికీ "అబద్ధం" అనడం వచ్చింది.

రెండు వారాలకు దాని ఫలితం కనిపించింది. ఒక సాయంత్రం విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఆ మండలానికి పిడుగుల హెచ్చరిక ఎస్సెమ్మెస్ వచ్చింది. చెట్ల కింద ఉండొద్దు, పొలాల నుంచి ఇళ్ళకు రండి అని. మా ఆటలో బాగా ఆడిన ఒకామె దాన్ని చదివి మొగుడితో అందట: "భయపెట్టేదంతా అబద్ధమే, మేడం చెప్పింది గదా." అతను గొర్రెలను తోలుకురాలేదు. చింతచెట్టు మీద పిడుగు పడి రెండు గొర్రెలు చచ్చాయి. మనిషి కొంచెం దూరంలో ఉండబట్టి బతికాడు.

భయపెట్టేదంతా అబద్ధం అని నేను ఎన్నడూ అనలేదు. కానీ నా ఆట అదే నేర్పింది. ఆ ఇంటికి వెళ్ళి కూర్చున్నప్పుడు ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మంచినీళ్ళిచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆటలతో ఈ చిక్కు ఉందని చెప్పే పరిశోధనలు అప్పుడు వెతికి చదివాను, ముందే చదవాల్సినవి. 2023లో మోదిరుస్తా-గాలియన్, హైయమ్ అనే ఇద్దరు పాత లెక్కలను మళ్ళీ తిరగేసి, ఈ రకం ఆటలు నిజానిజాల తేడా తెలుసుకునే శక్తిని పెంచట్లేదని, ప్రతిదాన్నీ అబద్ధమనే మొగ్గును మాత్రమే పెంచుతున్నాయని చూపించారు. అదే ఏడాది ఉత్తర భారతంలో వాట్సాప్‌కు తగ్గట్టు మార్చిన ఒక ఆటను పరీక్షించిన కేంబ్రిడ్జ్ బృందానికి చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. బీహార్‌లో 2019 ఎన్నికల ముందు సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు సుమారు 1,200 మందితో ప్రయోగం చేసి, వాళ్ళలో కొందరికి ఇంటింటికీ వెళ్ళి గంటసేపు పాఠం చెప్పించింది. సగటున తేడా కనపడలేదు. ఒక్క పూట పాఠం చాలదు. తేడా కనపడింది ఆమె బృందం తర్వాత చేసిన పనిలో. బీహార్‌లో మన 'వెలుగు' లాంటి జీవిక సంస్థ లైబ్రరీల ద్వారా 583 పల్లెల్లో సుమారు 13,500 మంది పిల్లలతో ప్రయోగం చేసి, వాళ్ళలో కొందరికి వారాల తరబడి నేర్పారు. నాలుగు నెలల తర్వాత కూడా ఆ పిల్లలు గుర్తుపట్టగలిగారు. వాళ్ళ అమ్మానాన్నలకూ కొంత అబ్బింది.

"ఆ పిల్లోన్నే అడుగుతామా?"

ఆట ఆపేశాక మీటింగులో నేను చేసిన తప్పు దాచకుండా చెప్పాను. ఇక మీద ప్రతి మెసేజ్‌నూ నమ్మాలా వద్దా ఎట్లా తేల్చుకోవాలి అని వాళ్ళనే అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక గోడకు ఆనుకుని ఉన్న ఒక పెద్దామె అంది:

"అట్లయితే మేడం, పిల్లకు సంబంధం వస్తే ఏం చేస్తాం? ఆ పిల్లోన్నే పిలిచి నువ్వు తాగుతావా అని అడుగుతామా? ఆ ఊరికి పోయి పక్కింటోళ్ళను అడుగుతాం."

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఇదే సంగతిని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు 2017లో 45 మందిని కూర్చోబెట్టి కనిపెట్టారు. 10 మంది చరిత్రకారులు, 10 మంది వార్తల నిజానిజాలు తేల్చేవాళ్ళు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. చరిత్రకారులు, విద్యార్థులు ముందున్న వెబ్‌సైటునే పైకీ కిందికీ చూస్తూ, దాని ముస్తాబును బట్టి నమ్మారు. నిజానిజాలు తేల్చేవాళ్ళు మాత్రం క్షణాల్లో ఆ పేజీ వదిలి, దాని గురించి బయట ఎవరేమంటున్నారో చూశారు. పిల్లోన్ని వదిలి పక్కింటికి పోయారన్న మాట. అంత చదువుకున్న చరిత్రకారులకు తట్టనిది ఈమె తన ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళలో చేసి చూపించింది.

రెండో విడత అంతా ఆ మాట మీదే కట్టాను. కొత్త పరిభాష ఒక్కటి కూడా పెట్టలేదు. సంబంధం మాటలే వాడాను. పెళ్ళిచూపుల రోజే తాంబూలాలు మార్చుకోం, కాబట్టి మెసేజ్ చూసిన నిమిషంలో ముందుకు పంపం. సంబంధం తెచ్చింది పేరయ్య, కానీ పిల్లోడిది ఏ ఊరు, ఏ ఇల్లు? అట్లే మెసేజ్ పంపింది మా చెల్లెలు కావచ్చు, మొదట అన్నది ఎవరు? అబ్బాయి పదేళ్ళ కిందటి ఫోటో పంపించాడా? ఆ ఊరి పక్కిళ్ళు ఏమంటున్నాయి?

పాత ఫోటో సంగతి చెప్పడానికి 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగినప్పటి చిత్రం ఒకటి తీసుకుని, "ఇప్పుడే అందిన వార్త" అని కింద రాసి చూపించాను. కొండారెడ్డి బురుజు వైపు బంధువులున్న ఇద్దరు గుర్తుపట్టి, "ఇది ఆనాటిది మేడం, మా చిన్నమ్మోళ్ళు మిద్దెక్కి కూచున్నారు" అన్నారు. గుర్తుపట్టలేనివాళ్ళు ఫోనులో గూగుల్ లెన్స్ తెరిచి ఆ బొమ్మ ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో వెతకడం నేర్చుకున్నారు. ఫోటో నకిలీది కాదు, తేదీ మాత్రం అబద్ధం. తప్పుడు మెసేజ్‌లలో నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ రకమే.

"మొదట అన్నది ఎవరు" అన్నదానికి ఒక రోజు ఎర్రగుడి గురించి చెప్పాను. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో అశోకుడి శాసనాలున్న బండలు వాళ్ళలో చాలామంది చూసినవే, వాటి మీద ఏముందో మాత్రం తెలియదు. రెండు వేల ఏళ్ళు దాటిన ఆ రాతలో మొదటి మాటే "దేవానాంప్రియుడు ఇట్లా చెప్తున్నాడు" అని. ఇది ఎవరి మాటో చెప్పాకే మాట మొదలవుతుంది. భేరి మోగించి జనానికి చాటమని అధికారులకు ఆజ్ఞ కూడా అందులో ఉంది. తుంగభద్ర దాటితే వచ్చే గద్వాలలో, 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు లేచినప్పుడు అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కూడా ఊరూరికీ పోలీసులను పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి, డప్పు కొట్టించి నిజం చెప్పించారు. మనుషుల ప్రాణాలు పోయే పుకార్లవి. వినేవాళ్ళు నమ్మే గొంతుతో, వాళ్ళున్న చోటికే వెళ్ళి చెప్పడం నాకు ఈ రెండింటిలోనూ కనిపించింది.

కార్డులు, కవర్లు, గోడ మీద కాగితం

పనిముట్టు చాలా చిన్నది. 40 కార్డులు చేశాను. సగం నిజం, సగం అబద్ధం. ఈ సగం సగం మాత్రం ఇక వదిలేది లేదని పట్టుదలగా పెట్టుకున్నాను. నిజాల్లో పిడుగుల హెచ్చరిక ఉంది, జొన్నగిరి వైపు రాయి దొరికిన వార్త ఉంది. ఒక్కో కార్డుకు ఒక కవరు. దాని మీద "పక్కిల్లు" అని రాసి ఉంటుంది. కవరు తెరిచే ముందు జట్టు చెప్పాలి, ఈ మాట తేలాలంటే ఎవరిని అడగాలి అని. నిజమా అబద్ధమా అన్నదానికి మార్కులు లేవు. సరైన పక్కింటిని చెప్పినందుకే మార్కులు. ఈ ఒక్క మార్పు మొత్తం ఆటను మార్చేసింది. "అబద్ధం" అని అరిచి గెలవడం ఇక కుదరదు.

పక్కిళ్ళ జాబితా వాళ్ళే చెప్పి గోడకు కాగితం అంటించారు. మందులు, టీకాలు అయితే ఏఎన్‌ఎమ్మో ఆశా కార్యకర్తో. పంట ధర, సబ్సిడీ అయితే ఆర్‌బీకే, అంటే రైతు భరోసా కేంద్రం. పేరు రైతు సేవా కేంద్రం అని మారినా వాళ్ళకు అది ఆర్‌బీకేనే. పింఛను, ఇళ్ళ పట్టాలు అయితే గ్రామ సచివాలయం. టమోటా ధరకు పత్తికొండ మార్కెట్లో ఒకరికి ఇద్దరు. ఫోనులో అయితే తెలుగులో నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్‌లీ లాంటివి. కేంద్ర ప్రభుత్వ పథకాలకు ఆ ప్రభుత్వ సమాచార సంస్థ నడిపే పీఐబీ ఫ్యాక్ట్ చెక్. చదువు రానివాళ్ళకు మైకు గుర్తు నొక్కి తెలుగులో అడగడం నేర్పాను. మొదట సిగ్గుపడ్డారు. తర్వాత ఫోనుతో దెబ్బలాడినట్టే గట్టిగా అడగసాగారు.

అయితే నేను అనుకోని కష్టం ఇంకోటి ఉంది. మెసేజ్ అబద్ధమని తెలుసుకోవడం ఒక ఎత్తు, పంపిన మనిషికి ఆ మాట చెప్పడం ఇంకో ఎత్తు. పంపింది అల్లుడైతే? బావగారైతే? "మీరు పంపింది అబద్ధం" అని ఏ ఆడమనిషి అంటుంది? ఒకామె చెప్పింది, తన వదిన ఏదో చిట్కా వైద్యం పంపితే అది తప్పని గ్రూపులోనే రాసినందుకు రెండు నెలలు మాటల్లేవని. దీని మీద రెండు మీటింగులు గడిచాయి. చివరికి వాళ్ళు తేల్చుకున్న జవాబు రెండు మాటలు: "విచారిస్తాండాం, చెప్తాం." అందులో నువ్వు అబద్ధమాడావు అన్న నింద లేదు, నమ్మామన్న ఒప్పుకోలూ లేదు. సంబంధం తెచ్చిన పెద్దమనిషికి చెప్పే మాటే అది. దాన్ని మీకూ గట్టిగా చెప్తాను, ఈ పని చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే దీనిమీద సమయం పెట్టండి. తేల్చుకోవడం నేర్పే సామగ్రి చాలా ఉంది. తేల్చుకున్నాక మర్యాద చెడకుండా చెప్పడం నేర్పేది నాకు ఎక్కడా దొరకలేదు.

ఒక్క కార్డు మాత్రం తీసేశాను. ఒక పార్టీ నాయకుడి మీద తిరిగిన తప్పుడు మెసేజ్ అది. కవరు తెరిచాక కూడా సగం మంది ఒప్పుకోలేదు, మిగతా సగం వాళ్ళను ఎగతాళి చేశారు. మీటింగు అక్కడితో ఆగిపోయింది. బీహార్‌లో బద్రీనాథన్ చేసిన పరిశోధనలోనూ పార్టీ అభిమానం ఉన్న కొందరిలో పాఠం తర్వాత తమ పార్టీకి నచ్చే అబద్ధాలను గుర్తుపట్టే శక్తి తగ్గిందని తేలింది. మా సీమలో పార్టీ అంటే ఇల్లు, వాకిలి, చుట్టరికం. దాన్ని ముందు పెట్టుకుని పాఠం మొదలుపెట్టడం తెలివైన పని కాదు. మొదట బిళ్లలు, పిడుగులు, పింఛన్ల మీద అలవాటు కావాలి. ఆ తర్వాత పార్టీల మెసేజ్‌ల దాకా ఎట్లా వెళ్ళాలో నేను ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను.

తేలింది, తేలనిది

ఎనిమిది మీటింగుల తర్వాత మళ్ళీ 12 మెసేజ్‌ల పరీక్ష పెట్టాను, కొత్తవి. అబద్ధాలు పట్టుకోవడం మొదటి విడత కన్నా కొంచెం తగ్గింది. ఆరింటిలో నాలుగో ఐదో. నిజాలను నిజమనడం రెండు నుంచి ఐదుకు పెరిగింది. నాకు ఈ రెండో అంకే ముఖ్యం. పక్కన పోల్చి చూడడానికి పాఠం వినని ఇంకో సంఘాన్ని నేను పెట్టుకోలేదు. 26 మందితో పెద్ద మాటలు చెప్పకూడదు. అందుకే అంకెల కన్నా తర్వాత జరిగిన ఒక సంగతి చెప్తాను.

ఒక మధ్యాహ్నం సంఘం గ్రూపులోకి ఒక సభ్యురాలి తమ్ముడి నంబరు నుంచి పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, వచ్చింది. దీన్ని నొక్కితే ఆగిపోయిన డబ్బు పడుతుందని. పంపింది సొంత తమ్ముడు, అడిగింది సొంత డబ్బు. నమ్మడానికి ఇంకేం కావాలి? లెక్కలు రాసే అమ్మాయి గ్రూపులో "విచారిస్తాండాం, ఎవరూ నొక్కద్దండి" అని పెట్టి తమ్ముడికి ఫోన్ చేసింది. అతను పంపలేదు. అతని ఫోను అప్పటికే ఇట్లాంటి ఫైలు నొక్కి దొంగల చేతిలోకి పోయింది. ఇంకో ఇంట్లో కొడుకు అప్పటికే నొక్కేశాడు. వెంటనే సిమ్ తీసేసి, బ్యాంకుకు ఫోన్ చేసి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పారు. డబ్బు పోలేదు. ఆ ఫోను మళ్ళీ శుభ్రం చేయించేదాకా ఆ తల్లి దాన్ని బియ్యం డబ్బాలో దాచింది.

చేతకానిది కూడా ఉంది. గొంతు మెసేజ్‌లు. రాసిన మాటను వెతకొచ్చు, బొమ్మను వెతకొచ్చు. ఎవరో ఏడుస్తూ మాట్లాడిన ఒక నిమిషం ఆడియోను ఆ పెద్దామె ఎక్కడని వెతుకుతుంది? నకిలీ గొంతులు, నకిలీ వీడియోలు తేల్చడానికి డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ 2024లో తెలుగులో కూడా వాట్సాప్ సహాయం మొదలుపెట్టింది. దాన్ని గోడ కాగితం మీద చేర్చాం. కానీ మాకు వచ్చే ఆడియోల్లో చాలామటుకు కంప్యూటర్‌తో చేసినవి కావు. నిజం మనిషే, నిజం గొంతుతో, పుకారు చెప్పినవి. వాటికి "మొదట అన్నది ఎవరు" ఒక్కటే దారి, అది చాలాసార్లు దొరకదు.

ఇక పది రూపాయల బిళ్లలు. రిజర్వ్ బ్యాంకు ప్రకటన కాగితం తీసుకుని ఐదుగురు అంగడికి వెళ్ళారు, నేనూ వెనకే వెళ్ళాను. అంగడాయన మొత్తం విన్నాడు. "నాకు తెలుసమ్మా చెల్లుతాయని. నేను తీసుకుంటే నా దగ్గర ఎవరు తీసుకుంటారు?" అన్నాడు. ఆయన అబద్ధాన్ని నమ్మలేదు. మిగతావాళ్ళు నమ్ముతారని నమ్మాడు. ఊర్లో ఒక్కొక్కరినీ విడిగా అడిగి చూస్తే చాలామంది ఇదే చెప్పారు. నా 40 కార్డుల్లో దీనికి కార్డు లేదు. అందరికీ నిజం తెలిసినా పుకారు బతికే ఉంటుందని నాకు అంతవరకు తట్టలేదు.

ఆ వారం సంఘం వాళ్ళు 340 రూపాయలూ పత్తికొండలో బ్యాంకుకు పట్టుకెళ్ళి కట్టారు. రసీదు తెచ్చి అంగడాయన ముందు పెట్టి, "నీ దగ్గర ఎవరు తీసుకోకపోయినా మేం తీసుకుంటాం, మాకియ్యి" అన్నారు. ఆయన ఇప్పుడు సంఘం ఆడవాళ్ళ దగ్గర మాత్రం బిళ్లలు తీసుకుంటున్నాడు. పక్క వీధి వాళ్ళ దగ్గర ఇంకా తీసుకోవడం లేదు.